తేలికపాటి పర్యావరణం

జాలిమానుపల్లి,
మార్చి, మొదటి వారం.

ఒరే ఓబిలేషూ,

మేమంతా బాగుండాం. నువ్వూ బాగుంటావులే. బాగలేకుంటే నువ్వే ఫోన్ చేసేవాడివి.

ఫోన్లో చెప్పాల్సింది జాబు రాస్తాండా అని నవ్వొద్దు. ఫోన్ చేస్తే నువ్వు మగ్గాల సద్దులో నిలబడి "ఊ అక్కా, ఊ అక్కా" అంటావు. ఏం చెప్పినానో మరుసటి దినం అడిగితే "బార్డర్ గురించే కదా" అంటావు. అందుకే మెయిల్లో పంపుతాండా.

సంగతేమంటే, మా లైబ్రరీలో ఐదు కంప్యూటర్లు ఉండాయి కదా. యాడో పట్నంలో ఆఫీసు వాళ్లు పాతవైనాయని ఇచ్చినవి. వాటిమీద పిల్లలకీ పెద్దలకీ నేర్పించేదానికి నన్ను పెట్టినారు. ఇప్పుడు వాటి పని ఎట్లుండాదంటే, పొద్దున బటన్ నొక్కి, ఇంటికి పోయి ఎసట్లో బియ్యం వేసి, అన్నం వార్చి వస్తే అప్పుడు విండోస్ కండ్లు తెరుస్తాది. మౌస్ ఇప్పుడు కదిలిస్తే బాణం తర్వాతెప్పుడో కదులుతాది. దినమూ పేపర్ చదివేకి వచ్చే హనుమంతరాయుడు తాత "దానికి కూడా మోకాళ్ల నొప్పులేమో చూడు పాపా" అంటాడు.

నవ్వే మాట కాదు. పోయిన సోమవారం మండలాఫీసు నుంచి ఒకాయన టేపు తెచ్చి కంప్యూటర్ల గది కొలిచినాడు. ఏంటికి సార్ అంటే, "నడవని మిషన్లకి గదేంటికమ్మా, జూన్‌లో విత్తనం చెనిక్కాయల మూటలు వేసేకి తావు లేదు" అన్నాడు. మూటలు వచ్చేలోపల మిషన్లు నడిచేది చూపిస్తే గది మాది. లేకుంటే మిషన్లు పాతసామాన్లకి, గది చెనిక్కాయలకి. గది పోతే నా పని కూడా పోతాది. చిన్న పనే. కానీ అది నాది. మీ బావకి చెప్తే "చెనిక్కాయలు టయానికి వస్తే మంచిదే కదా" అన్నాడు. ఆయన రైతు.

నువ్వు పట్టుచీరల డిజైన్లన్నీ కంప్యూటర్లోనే గీస్తావు. దసరాకి వచ్చినప్పుడు "ఇంకా విండోసేందక్కా, లోకమంతా లైనక్స్‌కి పోతాంటే" అని మా అందరికీ క్లాసు పీకినావు. ఇప్పుడు చెప్పు, ఏం చేయాల?

ఇంకోటి. కదిరి సంబంధం వాళ్లు రెండోసారి అడిగినారు. నువ్వు చూసి వచ్చి నెలైంది. ఆ పిల్ల హరిత బాగుండాది అంటావు. ఔ అనవు, కాదనవు. వాళ్లకేం చెప్పమంటావు?

మీ అక్క,
పుష్పావతి


ధర్మవరం,
మార్చి, మూడో వారం.

పుష్పక్కకి,

జాబు చదివినా. రెండుసార్లు చదివినా, మగ్గాలు ఆపినాక.

నువ్వు సరైన మనిషినే అడిగినావు. లైనక్స్ ఒకటే గానీ దాని మొగం ఒకటి కాదు. పడుగు అదే పెట్టుకొని పేక మారిస్తే వేరే చీర వచ్చినట్టు, లోపలిది అదే ఉంటాది, పైన కనబడేది మారుతాది. మెనూ యాడుండాల, కిటికీలు ఎట్ల తెరుచుకోవాల, బటన్లు ఎన్ని, ఇదంతా కలిపి డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. మంచి తెలుగులో చెప్పాలంటే పర్యావరణం. గ్నోమ్ ఒక పర్యావరణం, కేడీఈ ఒక పర్యావరణం, ఇట్ల చానా ఉండాయి. కొన్ని బరువు, కొన్ని తేలిక. మీ ముసలి మిషన్లకి తేలికపాటి పర్యావరణం కావాల.

ఏది కావాలో ఎట్ల తెలుస్తాది? దానికి వర్చువల్ మిషన్ అని ఒకటుండాది. గదిలో గది కట్టినట్టు. విండోస్ లోపలే ఇంకో ఉత్త కంప్యూటర్ కట్టుకొని దాంట్లో లైనక్స్ వేసి చూస్తావు. నచ్చకుంటే తుడిచేస్తావు. బయటి మిషన్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మేము మాత్రం కొత్త బార్డర్‌ని చూడకుండా నేరుగా మగ్గం ఎక్కిస్తామా? ఎట్ల కట్టాలో వేరే మెయిల్లో బొమ్మలతో పంపినా.

ఒక నియమం పెట్టుకో. ఒక్కో పర్యావరణంలో కూర్చొని నాకు ఒక్కో జాబు రాయి. తెలుగు సరిగా పడతాందా లేదా అనేది జాబు రాస్తేనే తెలుస్తాది. "అమ్మ, ఆవు" అని కొడితే తెలీదు.

మండలాఫీసు నుంచి అనుమతి కాగితం కూడా తెచ్చుకో. లేకుంటే ఉన్నది చెడగొట్టినావని నీ మీద పడతారు. అనుభవంతో చెప్తాండా. నేను రెండేండ్లుగా దీంట్లోనే ఉండా.

కదిరి వాళ్లకి, చూస్తాండాడు అని చెప్పు.

నీ తమ్ముడు,
ఓబిలేష్


జాలిమానుపల్లి,
ఏప్రిల్ నడుమ. గ్నోమ్ నుంచి.

ఒరే ఓబిలేషూ,

గదిలో గది కట్టినా. ఐదింటిలో కాస్త మేలైన మిషన్ చూసి కట్టినా. లోపలికి పోతే గ్నోమ్ వచ్చింది. వచ్చినాక చూస్తే ఏమీ లేదు. పైన ఒక నల్ల పట్టీ, దాని నడుమ టైము. అంతే. కొత్తగా సున్నం కొట్టిన ఇంట్లోకి పోయినట్టుండాది. హనుమంతరాయుడు తాత నా వెనక నిలబడి చూసి, "ఇంకా సామాన్లు దించలేదా పాపా?" అన్నాడు. ఒక కిటికీ తెరిచినా. దాన్ని కిందికి దించి పెడదామంటే ఆ బటనే లేదు. మూసేది ఉండాది, దించేది లేదు. ఉంటే ఉండు, లేకుంటే పో అన్నట్టు.

ఈ జాబులో ఒక అక్షరం ఉండదు. కీల మీద నేను అంటించుకున్న కాగితం ముక్కల్లో ఒకటి ఊడిపోయింది. ల కాదు, నాలిక మడిచి పలుకుతాం చూడు, దాని అక్క. యాడుండాదో ఎంత వెతికినా దొరకలేదు.

అది లేకుంటే ఏం కష్టమో నీకు తెలీదు. మా ఊరికి దినం మార్చి దినం ట్యాంకరు వస్తాది కదా. దాంట్లో ఏం వస్తాదో నేను ఇప్పుడు రాయలేను. బిందెలో పట్టుకొనేది, దప్పికైతే తాగేది. దానికి మా ఊర్లో ఎట్లనూ కరువే, ఇప్పుడు రాతలో కూడా కరువొచ్చింది. నీ పెండ్లికి మాత్రం ఆ అక్షరంతో పని లేదు. రాయొచ్చు, చేయొచ్చు. నీదే ఆలస్యం.

మొన్న ఆ టేపు సారే తిరిగి వచ్చినాడు. అప్పుడు నేను లోపలి మిషన్‌లో ఉండా. మౌస్ బాణం లోపలే చిక్కుకొని బయటికి రాదు. ఎంత లాగినా అంచు దగ్గర ఆగిపోతాది, పలుపు చాలని దూడ మాదిరి. "ఏమమ్మా, నడుస్తాందా?" అన్నాడు. "నడుస్తాంది సార్, కానీ లోపల ఉండా. బయటికి వచ్చేది తెలీదు" అన్నా. ఆయన నన్నొకసారి చూసినాడు, తలుపునొకసారి చూసినాడు. "తలుపు తీసే ఉంది కదమ్మా" అని పోయినాడు.

ఆఖరికి కరెంటు పోతే బయటపడినా.

అనుమతికి అర్జీ ఇచ్చినా. పోయినేడు "కంప్యూటర్" అని రాసి ఇచ్చిన అర్జీ జిల్లాకి పోయింది, ఇంతవరకు తిరిగి రాలేదు. అందుకే ఈసారి ఆ మాట యాడా రానీకుండా, నువ్వు చెప్పిన మంచి తెలుగులో రాసినా.

మీ అక్క,
పుష్పావతి


ధర్మవరం,
ఏప్రిల్ చివర.

అక్కా,

ముందు ఇది తీసుకో: ళ. ల ఉన్న కీనే, షిఫ్ట్ పట్టుకొని కొట్టు. ళ ళ ళ. నీకు కావాల్సినన్ని నీళ్లు.

కుడిపక్క కంట్రోల్ కీ ఒకసారి నొక్కి వదిలితే బాణం బయటికి వస్తాది. అది మొదటి జాబులోనే చెప్పాల్సింది. ఆ సారు ఏమనుకున్నాడో ఏమో.

లోపలి మిషన్ నిదానంగా ఉంటే భయపడొద్దు. ఒక ట్యాంకరు నీళ్లే రెండు వీధులు పంచుకున్నట్టు, ఉన్న మెమరీనే లోపలిదీ బయటిదీ పంచుకుంటాయి. రెండిటికీ చాలదు.

ఇంకో సుఖముండాది, స్నాప్‌షాట్ అని. లోపలి మిషన్‌ని ఉన్నదున్నట్టు ఫోటో పట్టి పెట్టుకుంటావు. తర్వాత ఏం చెడగొట్టినా ఆ ఫోటోకి ఎనక్కి పోతే ఏమీ జరగనట్టే. ఇట్లాంటిది బతుకులో లేదక్కా. ఏమి చేసినా తిరిగి రావొచ్చు.

గ్నోమ్ నీకు సరిపోలేదు, కేడీఈ చూడు. అది పెండ్లివారి ఇల్లు, అన్నీ ఉంటాయి. నేను కూడా ఈ నెల ఇంకో మూడు చూసినా. ఒకదాని మెనూ బాగుండాది, ఇంకోదాని రంగులు బాగుండాయి. దీని మెనూ దానికుంటే పెట్టుకుందును.

హరితది కూడా మంచి స్వభావమే. తొందరేముండాది?

ఓబిలేష్


జాలిమానుపల్లి,
మే, రెండో వారం. కేడీఈ నుంచి.

ఒరే ఓబిలేషూ,

నీళ్లు. నీళ్లు. నీళ్లు. చూసినావా, ముందు అదే కొట్టినా.

పెండ్లివారి ఇల్లు నిజమే. ఏది అడిగినా ఉండాది, యాడుండాదో చెప్పే మనిషి మాత్రం లేడు. సెట్టింగుల్లోకి పోతే గది తర్వాత గది. బాణం రంగు మార్చొచ్చంట, దాని నీడ కూడా మార్చొచ్చంట. ఒక గడిలో ఊరికే టిక్కు పెట్టినా. అంతే, కిటికీని పట్టుకొని లాగితే తడిగుడ్డ మాదిరి అల్లల్లాడతాది. తాత "వద్దు పాపా, తల తిరుగుతాంది" అని కుర్చీ పట్టుకున్నాడు. మేకలు తోలుకొని పోతాన్న తిప్పమ్మ బయట నుంచి తొంగి చూసి, "ఏమే పుష్పా, మిషన్‌కి గాలి సోకిందా? మా అల్లుడు ఇట్లనే ఊగినాడు" అనింది. వేపమండ తెస్తానంటే వద్దన్నా.

ఇప్పుడు నీ స్నాప్‌షాట్ సంగతి. పొద్దున్నే ఫోటో పట్టి పెట్టినా. తర్వాత ఆ లోపలే కూర్చొని లైబ్రరీ పుస్తకాల పేర్లన్నీ తెలుగులో టైపు చేసినా, దినమంతా. సాయంత్రం ఆ ఊగేది ఆపడం తెలీక పొద్దుటి ఫోటోకి ఎనక్కి పోయినా. ఊగేది ఆగింది. పుస్తకాల పేర్లు కూడా పోయినాయి. మిషన్ తప్పు లేదు. పొద్దునకి పోదామన్నా, పోయింది. పొద్దున అవి లేవు కదా. ఇంత సత్యవంతులతో వేగడం కష్టంరా.

మంచి మాట ఒకటుండాది. అనుమతి వచ్చింది! మండలాఫీసు నుంచి ఇంత తొందరగా కాగితం రావడం మా ఊర్లో ఎవరూ ఎరగరు. "మీ ప్రయత్నము అభినందనీయము" అని కూడా రాసినారు. నాకే అనుమానమొచ్చి పేరు చూసుకున్నా, నాదే. కింద "సామగ్రి త్వరలో పంపబడును" అని ఉండాది. ఏం సామగ్రో. మౌసులేమో.

కాగితం చేతికొచ్చింది కాబట్టి ఇంక లోపల ఆటలు చాలు. నువ్వొకసారి వచ్చి ఏదో ఒకటి బయటి మిషన్లోనే వేసిపో. బస్సు దిగేచోటికి మీ బావ బండి తెస్తాడు.

మీ అక్క,
పుష్పావతి


ధర్మవరం,
మే చివర.

పుష్పక్కా,

ఈ నెల ముహూర్తాలు చానా ఉండాయి. షావుకారు నన్ను టీకి కూడా పంపడం లేదు. రాలేను.

అయినా బయట వేసేదానికి అంత తొందర పనికిరాదు. నువ్వింకా మేట్ చూడలేదు. సినమన్ చూడలేదు. సినమన్ అంటే దాల్చినచెక్క, పేరు మాదిరే కొంచెం ఘాటుగా ఉంటాది. ఎక్స్‌ఎఫ్‌సీఈ అని ఇంకోటుండాది, దాని గుర్తు ఎలుక. చూసేకి సాదాగా ఉంటాది కాబట్టి ఆఖర్లో చూడు. అన్నీ చూసినాక నిదానంగా ఆలోచిద్దాం.

సామగ్రి మౌసులే అయితే మంచివి రెండు నాకు తీసిపెట్టు.

ఓబిలేష్


జాలిమానుపల్లి,
జూన్ చివర.

ఓబిలేషూ,

ఒరే అని కూడా రాయబుద్ధి కాలేదు.

సామగ్రి వచ్చింది. మౌసులు కాదు. ట్రాక్టర్ నిండా మొక్కలు. కానుగ, వేప, సీతాఫలం. డ్రైవర్ దిగి "పుష్పావతమ్మ ఎవరు? పర్యావరణం దించాల" అన్నాడు.

నేనిచ్చిన అర్జీ ఇట్లుండాది, చదువు. "మా గ్రంథాలయమునకు అనువైన పర్యావరణము లేదు. కావున వివిధ పర్యావరణములను పరీక్షించి, తక్కువ వనరులతో నిలువగల తేలికపాటి పర్యావరణమును ఐదు చోట్ల స్థాపించుటకు అనుమతి ఇవ్వ ప్రార్థన." నువ్వు నేర్పిన మాటే. నేను కంప్యూటర్ అనలేదు, వాళ్లు చెట్లనుకున్నారు. నిన్ను తెలుగు మాట ఎవరు అడిగినారురా?

ఎనక్కి పంపేదానికి లేదు. ఆ కాగితం వల్లనే గది నిలబడింది. "పర్యావరణ కార్యక్రమము జరుగుచున్నందున, ఆగస్టు తనిఖీ వరకు గ్రంథాలయమును ముట్టరాదు" అని రాసినారు. చెనిక్కాయల మూటలు బడి వరండాకి పోయినాయి. ఇప్పుడు నేను "చెట్లు కాదు సార్, కంప్యూటర్లు" అంటే ఆ దినమే మూటలు ఈడికి వస్తాయి. నోరు మూసుకొని గుంతలు తవ్వించినా.

తవ్వించినా, నీళ్లేవి? తాగేదానికే ట్యాంకరు. వాన ఒక పదును పడి పోయింది. మిగిలిన పని తిప్పమ్మ మేకలు చూసుకున్నాయి. తిట్టేదానికి పోతే ఆమె, "ఏడాదికొకసారి ఇట్ల పుణ్యం చేయి పుష్పా, నీ కడుపు చల్లగుండ" అని దీవించింది.

ఇంకో సంగతి. మొన్న మీ బావ ధర్మవరం వచ్చి నీ అంగడికి వచ్చినాడు కదా. నీ కంప్యూటర్ చూసినానన్నాడు. "నీ తమ్ముడిది కూడా మన లైబ్రరీ మాదిరి విండోసే. దాంట్లో చిన్న చిన్న కిటికీల్లో ఏవో బొమ్మలు పెట్టుకొని ఒకటి మూసి ఒకటి తెరిచి చూసుకుంటాండాడు. పద్నాలుగంట. ఒకటీ బయట వేయలేదంట" అన్నాడు. రెండేండ్లుగా ఉండానంటివే! పిల్లని చూసేకి నువ్వు తిరిగిన ఊర్లన్నీ నాకు గుర్తొచ్చినాయి. తాడిపత్రి పిల్లకి జడ బాగుండాది, గుత్తి పిల్లకి మాట బాగుండాది, దీని జడ దానికుంటే అన్నావు.

నేను ఎక్స్‌ఎఫ్‌సీఈ చూసినా. ఆఖర్లో చూడమంటివే, అదే. ఒక పట్టీ, ఒక మెనూ. నొక్కితే తెరుచుకుంటాది. గొప్పలు లేవు. లోపలి గదిలో కూడా ఆయాసపడలేదు. తాత చూసి "ఇదెవరో మన పక్క మనిషి మాదిరుండాదే" అన్నాడు. దీన్నే వేస్తా. పెన్‌డ్రైవ్‌లో పెట్టి పంపు. నువ్వు రాకున్నా సరే.

పుష్పావతి


ధర్మవరం,
జూలై.

అక్కా,

పెన్‌డ్రైవ్ పాత సాక్సు డబ్బాలో పెట్టి కల్యాణదుర్గం బస్సు కండక్టర్ చేతికిచ్చినా. బావని అడిగి తీసుకోమను.

పర్యావరణం మాట నాది కాదు, నిఘంటువుది.

బావ చూసింది నిజమే. వేసేటప్పుడు నడుమ ఒకచోట "డిస్క్ అంతా తుడిచేయమంటావా?" అని అడుగుతాది. నేను ఆడిదాకా చానాసార్లు పోయినా. పోయినప్పుడల్లా "వద్దు" కొట్టినా. ఆడ కుడి కంట్రోల్ పని చేయదు. స్నాప్‌షాట్ లేదు. తుడిస్తే తుడిచినట్టే. అందుకని, కావాల్సినవి ముందు తీసి దాచిపెట్టుకో, మొదట ఒక మిషన్‌లోనే వేసి చూడు, కరెంటు ఉండే పూట చూసి మొదలుపెట్టు. ఆపైన నాకూ తెలీదు.

ఓబిలేష్


జాలిమానుపల్లి,
ఆగస్టు, మూడో వారం. ఎక్స్‌ఎఫ్‌సీఈ నుంచి. బయట నుంచి.

ఒరే ఓబిలేషూ,

ఆ ప్రశ్న కాడికి నేనూ పోయినా. "తుడిచేయమంటావా?" చేయి ఆగింది. తాతని అడిగితే, "ఉండేదేముంది పాపా పోయేదానికి?" అన్నాడు. "సరే" కొట్టినా. ఒకటి లేచింది. మిగతా నాలుగూ వేసినా. ఇప్పుడు బటన్ నొక్కి కుర్చీ లాక్కునేలోపల లేస్తాండాయి. ఇంటికి పోయి అన్నం వండి వచ్చేంత టైము ఇయ్యడం లేదు. మీ బావే వండుకుంటాండాడు. ఆయనకి లైనక్స్ మీద కొంచెం కోపంగా ఉండాది.

తనిఖీ నిన్న అయిపోయింది. చెప్తా విను.

సోమశేఖర్ సార్ అని పెద్దాయన, వెంట ఆ టేపు సారు. జీపు దిగి "మొక్కలేవమ్మా?" అన్నాడు. చూపించినా.

"ఇవి గుంతలు."

"ఔ సార్."

"మొక్కలు?"

తిప్పమ్మ మేకలు ఆడే నిలబడి ఉండాయి, నిగనిగలాడుతా. సారు వాటిని కాసేపు చూసినాడు. "అర్థమైంది" అన్నాడు.

వరండా మూలలో ఒక్క కానుగ మొక్క పచ్చగా ఉండాది. "దీనికి నీళ్లెవరు పోస్తున్నారు?" అంటే తాత ముందుకొచ్చి, "నేనే సార్. నోటితో" అన్నాడు. ఆయన టీ తాగినాక ఆడే పుక్కిలిస్తాడు.

సారు ఎండకి తాళలేక లోపలికి వచ్చి కూర్చున్నాడు. నా అర్జీ తీసి చదివినాడు. రెండోసారి చదివినాడు.

"అమ్మా, దీంట్లో మొక్క అనే మాటే లేదు."

"లేదు సార్."

"నువ్వు అడగలేదు. మేము పంపినాము. ఇప్పుడు తప్పు మాదా, నీదా?"

"మా తమ్ముడిది సార్. ధర్మవరంలో ఉంటాడు."

మరి నువ్వడిగిన పర్యావరణం ఏది అంటే, మిషన్లు చూపించినా. ఐదూ లేపినా. సారు ఒకదాని ముందు కూర్చొని మెనూ తెరిచినాడు, మూసినాడు. "తెలుగు పడుతుందా?" అన్నాడు. "మా ఆఫీసులో క్షేత్రం అని కొడితే అక్షరాలు చిల్లర మాదిరి పడతాయి" అన్నాడు. చెప్పండి సార్ కొడతా అన్నా. తనిఖీ రిపోర్టే చెప్పినాడు. నేను కొట్టినా. క్షేత్రం క్షేత్రంగానే పడింది.

"స్థాపించిన పర్యావరణములు?" అని ఆయనే ఆగి నా దిక్కు చూసినాడు.

"ఐదు సార్."

"బతికినవి?"

నేను వరసగా ఒకసారి చూసుకున్నా. అన్నీ వెలుగుతాండాయి. "ఐదు సార్."

"నీటి వసతి?"

"అక్కర్లేదు సార్."

"రాయి" అన్నాడు. "ఈ ఏడు నేను తిరిగిన ఊర్లన్నిట్లో నూటికి నూరు బతికింది ఇదొక్కటే. మేకలు అన్ని ఊర్లలోనూ ఉన్నాయి."

ఇంక ఆగలేక, గది సంగతేంది సార్ అన్నా.

"పర్యావరణం గదిలోనే ఉంది కదమ్మా. పెరికి వేరేచోట నాటితే బతుకుతుందా? రాయి: గది కదిలించరాదు."

కొట్టినా. ప్రింటు తీస్తే సంతకం పెట్టినాడు. జీపు ఎక్కేముందు టేపు సారు ఎనక్కి వచ్చి, మెల్లగా, "ఏమమ్మా, బయటికి వచ్చినావా?" అన్నాడు. పాపం, ఏప్రిల్ నుంచి మనసులో పెట్టుకున్నట్టుండాడు.

"వచ్చినా సార్" అన్నా.

మీ అక్క,
పుష్పావతి


ధర్మవరం,
ఆగస్టు చివర.

పుష్పక్కా,

నీ జాబు చదివిన దినమే అంగడి మిషన్‌కి ఇంకో పెన్‌డ్రైవ్ పెట్టినా. ఆ ప్రశ్న వచ్చింది. "సరే" కొట్టి కండ్లు మూసుకున్నా. ఎలుకే వచ్చింది.

వచ్చినాక తెలిసింది, మా చీరల డిజైన్ సాఫ్ట్‌వేర్ లైనక్స్‌లో నడవదు. ఇన్నాళ్లూ ఎప్పుడూ బయట వేయలేదు కాబట్టి ఆ సంగతి అడగాలని తోచలేదు. షావుకారు నా తలకాయ మీద నిలబడినాడు. ఏం చేయాల? లైనక్స్‌లో గది కట్టి, ఆ గదిలో విండోస్‌ని కూర్చోబెట్టినా. ఇప్పుడు దాంట్లోనే బార్డర్లు గీస్తాండా. లోపలున్నది బయట, బయటున్నది లోపల.

షావుకారు చూసి "ఇంత చేసి ఏం మారిందప్పా?" అన్నాడు. ఏమీ మారలేదన్నా అని చెప్పినా. అబద్ధం చెప్పి లాభం లేదు.

మిగతా పదమూడూ ఆ తుడిచినదాంట్లోనే పోయినాయి. మళ్లా పెట్టుకోలేదు.

కదిరి సంగతి నువ్వు ఈసారి అడగలేదు. అడుగు.

ఓబిలేష్


జాలిమానుపల్లి,
సెప్టెంబరు.

ఒరే ఓబిలేషూ,

నిన్ను అడిగేదేమీ లేదు. నీ జాబు వచ్చిన దినమే ఔనన్నాడని కదిరికి చెప్పేసినా. హరితే ఫోన్ తీసుకొని మాట్లాడింది. "మళ్లా మనసు మార్చుకోడు కదా వదినా?" అనింది. వీనికి స్నాప్‌షాట్ లేదులేమ్మా అన్నా. అదేందో ఆ పిల్లకి తెలీదు, అయినా నవ్వింది. ఆదివారం పోవాల. చొక్కా ఒకటే తెచ్చుకో. నాలుగు తెచ్చి దీని కాలరు దానికుంటే అని కూర్చోవద్దు.

నిన్న మళ్లా ట్రాక్టర్ వచ్చింది. అదే డ్రైవర్. "పుష్పావతమ్మా, పర్యావరణం" అని కేకేసినాడు. తిప్పమ్మ అప్పటికే మేకలతో వచ్చి నిలబడింది.

పట్ట తీస్తే కంప్యూటర్లు. వేరే పల్లెలో గది చెనిక్కాయలకిచ్చి మూలన పడేసినవంట, సోమశేఖర్ సార్ పంపినాడు. ఐదుండాయి. రసీదు చూస్తే "మొక్కలు, ఐదు" అని రాసి ఉండాది. సంతకం పెట్టి దించుకున్నా.

మేక ఒకటి దగ్గరికొచ్చి వాసన చూసి పోయింది. తాత వాటి చుట్టూ ఒకసారి తిరిగి, "వీటికీ నేనే పోయాల్నా పాపా?" అన్నాడు.

వద్దు తాతా, వీటికి నీళ్లు వద్దు అన్నా.

మీ అక్క,
పుష్పావతి